గోడ కింద కిటికీ: బస్టర్ కీటన్ వెంట ఏడు రోజులు

బస్టర్ కీటన్ సినిమాల్లో పడటం నిజం, నీళ్ళు నిజం, కూలిన వంతెన కూడా నిజమే. మూకీల కాలంలో చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్‌ల సరసన పేరు చెప్పుకునే ఈ నటుడు కెమెరాను దూరంగా పెట్టించి, మధ్యలో కట్ లేకుండా, మనిషీ చోటూ ఒకే ఫ్రేములో కనబడేట్టు తీయించేవాడు. ఇందులో మోసం లేదని చూసేవాడికి తెలియాలన్నది ఆయన పట్టుదల. దానివల్ల మనకి ఇంకో లాభం కూడా ఉంది. వందేళ్ళ తర్వాత ఆ గోడలు, ఆ మలుపులు, ఆ నది ఒడ్లు వెతికి పట్టుకోవచ్చు. క్లోజప్పుల మీద బతికిన నటుల వెంట ఇలా తిరగడం కుదరదు.

ఆయన జీవితం నడిచిన వరసలోనే తిరగాలనుకుంటే అమెరికాని రెండుసార్లు అడ్డంగా దాటాలి. ఆ పని వద్దు. కాన్సస్‌లో పుట్టిన ఊరు చూసుకుని, లాస్ ఏంజెలెస్‌కి ఎగిరి, అక్కడినుంచి కారులో ఉత్తరంగా ఒరెగాన్ దాకా పోవడం తేలిక. సోమవారం మొదలుపెట్టండి. పుట్టిన ఊళ్ళో మ్యూజియం, కల్వర్ సిటీలో స్టూడియో టూరు, రెండింటికీ వారం మధ్య రోజులే కావాలి. నెల విషయానికొస్తే జూన్ రెండో వారం నుంచి జులై చివరి దాకా మంచిది. అంతకు ముందు కొండల మీద మంచు ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉత్తర కాలిఫోర్నియా, ఒరెగాన్ అడవులు అంటుకుంటే కొండే కనపడనంత పొగ.

బయల్దేరే ముందు చూసి తీరాల్సినవి ఐదు: ‘కాప్స్’, ‘అవర్ హాస్పిటాలిటీ’, ‘ది నావిగేటర్’, ‘ది జనరల్’, ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’. అన్నీ కలిపినా ఐదు గంటలు దాటవు. వాటిని ఫోన్లోకి దించుకుని పెట్టుకోండి. కొండల్లో సిగ్నల్ ఉంటుందని నమ్ముకుంటే, చోటు దొరికాక ఫ్రేము దొరకదు.

మస్కీగన్‌ను ఈ దారిలో కలపడం కుదరలేదు. మిషిగన్‌లో సరస్సు ఒడ్డున బ్లఫ్టన్ అనే పేటలో నాటకాల వాళ్ళంతా వేసవికి చేరేవారు, కీటన్ కుటుంబానికి అక్కడ చిన్న ఇల్లుండేది. చికాగోలో ఉన్నవాళ్ళు కారులో మూడు గంటల్లో చేరొచ్చు. కీటన్ అభిమానుల సంఘం ఏటా అక్టోబరులో కలుసుకునేది అక్కడే.

మొదటి రోజు, సోమవారం: కాన్సస్ సిటీ నుంచి పిక్వా

కాన్సస్ సిటీ నుంచి యూఎస్ 169 పట్టుకుని దక్షిణంగా వంద మైళ్ళు వస్తే అయోలా. అక్కడ యూఎస్ 54 మీద పడమరకి తిరిగి ఎనిమిది మైళ్ళు పోతే పిక్వా. వంద మంది చుట్టుపక్కల జనాభా. మధ్యాహ్న భోజనం అయోలాలోనే కానిచ్చెయ్యండి, పిక్వాలో ఏదో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

1895 అక్టోబరు 4న జోసెఫ్ ఫ్రాంక్ కీటన్ ఇక్కడ పుట్టాడు. ఊరితో చుట్టరికం ఏమీ లేదు. తండ్రి జో, తల్లి మైరా మందులమ్మే తిరుగుడు ప్రదర్శనలో వేషాలు వేసేవారు. కాన్పు సమయానికి ఆ బండి ఇక్కడ ఆగింది, అంతే. పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. మ్యూజియం ఉన్నది గ్రామీణ నీటి సరఫరా ఆఫీసులో. ఒక గదిలో ఫొటోలు, పోస్టర్లు, పేపరు కత్తిరింపులు. టికెట్టు లేదు. ఆఫీసు తెరిచుంటేనే మ్యూజియం తెరిచినట్టు, కాబట్టి శని, ఆదివారాలు వచ్చినవాళ్ళు తలుపు చూసి వెనక్కి పోవాల్సిందే. ముందురోజు ఫోన్ చేసి వెళ్ళండి. చూడటానికి నలభై నిమిషాలు చాలు.

ఆ గదిలో నిలబడి చూడాల్సింది చిన్నప్పటి స్టేజీ ఫొటోలు. మన సురభి వాళ్ళ పిల్లల్లా ఈ పిల్లాడు కూడా మాటలు సరిగా రాకముందే వేషం కట్టాడు. 1899 నుంచి తల్లిదండ్రులతో కలిసి ‘త్రీ కీటన్స్’ పేరుతో ఆడాడు. నాటకంలో కథంటూ పెద్దగా లేదు. మాట వినని కొడుకుని తండ్రి ఎత్తి విసరడమే ఆట. తెర మీదికి, స్టేజీ పక్క రెక్కల్లోకి, ఒక్కోసారి వాయిద్యాల వాళ్ళ గుంటలోకి. విసరడానికి పట్టు కావాలి కదా, అందుకని పిల్లాడి కోటు వెనక, భుజాల మధ్య, సూట్‌కేసు పిడి కుట్టేశారు. ఫొటోల్లో తండ్రి చెయ్యి ఎక్కడుందో గమనించండి. పట్టు వీపు మీద ఉంటే బరువు ఒక్కచోట పడుతుంది, గాల్లో ఒళ్ళు తిరగదు, ఎక్కడ పడతాడో విసిరేవాడికీ పడేవాడికీ ముందే తెలుస్తుంది. చెయ్యో కాలో పట్టుకు విసిరితే కీలు ఊడుతుంది.

ఇంకొకటి కూడా అక్కడే నేర్చాడు. పడ్డాక తాను నవ్వితే జనం నవ్వడం మానేస్తున్నారు. మొహం రాయిలా పెడితే పగలబడి నవ్వుతున్నారు. తర్వాత జీవితమంతా ‘రాతిమొహం’ అని పిలిపించుకున్నది ఈ లెక్కతోనే. న్యూయార్క్‌లో పిల్లల సంరక్షణ సంఘం వాళ్ళు ఆట మీద కేసులు పెట్టారు. ఒంటి మీద గాయాలు వెతికారు. తండ్రి తాగుడు ముదిరి విసరడంలో గురి తప్పడం మొదలయ్యాక, 1917లో ఆట ఆగిపోయింది. గురి తప్పితే ఏమవుతుందో ఆ కుర్రాడికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

రాత్రికి కాన్సస్ సిటీ వచ్చెయ్యండి.

రెండో రోజు, మంగళవారం: హాలీవుడ్

ఉదయం విమానం ఎక్కితే గడియారం రెండు గంటలు వెనక్కి పోతుంది, కాబట్టి మధ్యాహ్నానికే రోడ్డు మీద ఉంటారు. ఈ రోజుకి కారు వద్దు. హాలీవుడ్‌లో పార్కింగు వెతుక్కునే సేపట్లో సగం పని నడిచి పూర్తిచెయ్యొచ్చు. మెట్రో బీ లైనులో హాలీవుడ్–వైన్ స్టేషన్లో దిగండి. ఎదురుగానే హాలీవుడ్ బులవార్డ్ 6225 నంబరు దగ్గర, పేవ్‌మెంటు మీద తారల పేర్లు చెక్కిన వాక్ ఆఫ్ ఫేమ్‌లో కీటన్ టెలివిజన్ నక్షత్రం. పడమరకి పదిహేను నిమిషాలు నడిస్తే 6619 దగ్గర సినిమా నక్షత్రం. రెండు నక్షత్రాలూ చూశామని చెప్పుకోవడానికి తప్ప అక్కడ నేర్చుకునేది ఏమీ లేదు.

అసలైంది ఆ రెంటికీ మధ్యలో ఉంది. కహువెంగా రోడ్డు కూడలి దగ్గర దక్షిణంగా తిరిగితే, తూర్పు పక్క ఒక సందు. కాస్మో స్ట్రీట్ వైపుకు పోతుంది. చాప్లిన్ ‘ది కిడ్’, లాయిడ్ ‘సేఫ్టీ లాస్ట్’, కీటన్ ‘కాప్స్’ మూడింటిలోనూ ఈ సందుంది. ఇప్పుడు ముగ్గురి పేర్లతో పలక కూడా పెట్టారు. మధ్యాహ్నం దాటాక తినుబండారాల కుర్చీలు పరుచుకుంటాయి, తొందరగా వెళ్ళండి. 1922లో వచ్చిన ‘కాప్స్’లో ఇక్కడే కీటన్ పరుగెత్తుతూ, పక్కనుంచి పోతున్న కారుని ఒంటిచేత్తో అందుకుంటాడు. ఒళ్ళు జెండాలా గాల్లో పడుకుంటుంది, కారు లాక్కుపోతుంది. ఒకటే షాట్, రెండు సెకన్లు. ఫోన్లో ఆపి ఆపి చూడండి. చెయ్యి పడే క్షణానికి కాళ్ళు నేల వదిలేశాయి. కాళ్ళు ఇంకా నేలమీదుంటే ఆ గుంజు మొత్తం భుజం మీద పడేది.

అక్కడినుంచి దక్షిణంగా మైలు నడక, శాంటా మోనికా బులవార్డ్ దాటగానే ఎలినార్ అవెన్యూ, లిలియన్ వే కూడలి. 1920 నుంచి కీటన్ స్టూడియో ఉన్న చోటు. అంతకు ముందు చాప్లిన్ పనిచేసిన స్థలమే. ఇప్పుడు స్టూడియో ఆనవాలు ఒక్కటీ లేదు. నేల మీద మొదట పెట్టిన స్మారక ఫలకం కూడా తప్పు వైపున పడింది. స్టూడియో రోడ్డుకి అవతలి పక్క. ఆ ఫలకం దగ్గర ఫొటో దిగినవాళ్ళంతా అసలు స్థలానికి వీపు పెట్టి దిగినట్టు లెక్క.

ఇక్కడ జరిగిన రెండు పనులు చెప్పుకోవాలి. 1921లో ‘ఎలక్ట్రిక్ హౌస్’ కోసం కట్టిన ఎస్కలేటర్ మెట్ల మధ్య కీటన్ బూటు ఇరుక్కుని చీలమండ విరిగింది. సినిమా ఆగింది. పరుగులూ దూకుళ్ళూ కుదరవు కాబట్టి కెమెరాతో చేసే మాయ ఎంచుకున్నాడు. ‘ది ప్లేహౌస్’ అలా పుట్టింది. అందులో తొమ్మిది మంది కీటన్లు ఒకే వరసలో నిలబడి కనిపిస్తారు.

అది ఎలా చేశారంటే, లెన్సు ముందు నల్లపెట్టె బిగించి, దానికి తొమ్మిది నిలువు రెప్పలు పెట్టారు. మొదటి రెప్ప తెరిచి, మిగతావి మూసి, కీటన్ ఒక చోట ఆడితే తీశారు. ఫిల్మును మొదటికి తిప్పారు. ఆ రెప్ప మూసి, రెండోది తెరిచి, మనిషి పక్కకి జరిగి మళ్ళీ ఆడాడు. ఇలా తొమ్మిదిసార్లు. అప్పట్లో కెమెరా మోటారు మీద కాదు, చేత్తో తిప్పే పిడి మీద నడిచేది. తొమ్మిదిసార్లూ పిడి ఒకే వేగంతో తిరగాలి. ఏ ఒక్కసారి చెయ్యి మందగించినా ఒక కీటన్ కాలు ముందు, ఇంకో కీటన్ కాలు వెనక. కెమెరామన్ ఎల్గిన్ లెస్లీ చేతికి ఆ తాళం ఉంది. కీటన్ అడుగులు తప్పకుండా బాంజో వాయిద్యగాణ్ణి పెట్టుకుని లెక్క కట్టారు. ఒక్క వరస చెడితే ఎనిమిది వరసలు కూడా చెత్తబుట్టలోకే.

మూడో రోజు, బుధవారం: కల్వర్ సిటీ, బెవర్లీ హిల్స్, సమాధి

కారు ఈ ఉదయం తీసుకోండి. లాస్ ఏంజెలెస్‌లో తీసుకుని యూజీన్‌లో వదిలేస్తే అద్దెతోపాటు డ్రాప్ చార్జీ విడిగా పడుతుంది. బుక్ చేసేటప్పుడే మొత్తం ఎంతో చూసుకోండి.

కల్వర్ సిటీలో ఇప్పటి సోనీ స్టూడియో ఒకప్పటి ఎంజీఎం. ముందుగా టికెట్టు తీసుకుంటే టూరు ఉంటుంది. టూరులో కీటన్ ప్రస్తావన ఎక్కువ ఆశించొద్దు. 1928లో ఆయన సొంత స్టూడియో మూసి ఇక్కడ జీతానికి చేరాడు. వద్దని చాప్లినూ లాయిడూ చెప్పారు. తానే తన జీవితంలో చేసిన పెద్ద తప్పు ఇదేనని కీటన్ తర్వాత ఒప్పుకున్నాడు. మొదటి సినిమా ‘ది కెమెరామన్’ బాగానే వచ్చింది. ఆ తర్వాత కాగితం మీద డైలాగు రాసి, బడ్జెట్ కొలిచి, స్టంట్లు మానిపించే పద్ధతి వచ్చింది. సెట్టు మీద నిలబడి, ఉన్న వస్తువుని చూసి ఆట కనిపెట్టే మనిషికి ఇది సరిపడదు. చాలామంది టాకీలు ఆయన్ని చంపాయంటారు. అది సగమే నిజం. గొంతుకి ఏ లోపం లేదు. పోయింది పని మీద పెత్తనం. తాగుడు, విడాకులు, 1933లో ఉద్యోగం ఊడటం, అన్నీ ఒకదాని వెంట ఒకటి. తర్వాత అదే ఎంజీఎంలో వారానికి వంద డాలర్లకి ఇతరుల సినిమాలకి హాస్యం అతికే పనికి చేరాడు.

బెవర్లీ హిల్స్‌లో ఆయన కట్టించుకున్న ఇటాలియన్ విల్లా ఇంకా ఉంది, కానీ పరాయివాళ్ళ ఇల్లు. గేటు దగ్గర ఆగడం మర్యాద కాదు. దాని గురించి ఒక్క మాట తెలుసుకుంటే చాలు. తర్వాత ఆ ఇంట్లో ఉన్న నటుడు జేమ్స్ మేసన్‌కి అక్కడ కీటన్ పాత రీళ్ళు దొరికాయి. నైట్రేట్ ఫిల్మ్ అది. గాలి ఆడకపోయినా, వేడెక్కినా జిగురై, పొడై, ఒక్కోసారి తనంతట తానే అంటుకుంటుంది. ఇంకొన్నేళ్ళు ఆలస్యమైతే కొన్ని సినిమాలు మనకి దక్కేవి కావు.

సాయంత్రం హాలీవుడ్ హిల్స్‌లో ఫారెస్ట్ లాన్ శ్మశానవాటిక. కోర్ట్ ఆఫ్ వాలర్ అనే భాగంలో కీటన్ ఉన్నాడు. గేటు దగ్గర మ్యాపు ఇస్తారు గానీ నటుల సమాధులెక్కడో అడిగితే చెప్పరు. పలకలన్నీ నేలకి సమంగా ఉంటాయి, దూరం నుంచి కనపడవు. భాగం పేరు పట్టుకుని వరస వరసా నడవాలి. 1966 ఫిబ్రవరి 1న ఊపిరితిత్తుల కేన్సరుతో, డెబ్బయ్యేళ్ళకి పోయాడు. పలక సాదాగా ఉంటుంది.

నాలుగో రోజు, గురువారం: శాక్రమెంటో

ఐ–5 మీద 385 మైళ్ళు, ఆగకుండా అయితే ఆరు గంటలు. ఉదయం ఆరింటికి బయటపడకపోతే నగరం దాటడానికే గంటన్నర. టెహోన్ కనుమ ఎక్కేటప్పుడు ఎండాకాలం ఏసీ కట్టేస్తే ఇంజిన్ వేడెక్కదు. కొండ దిగాక దారంతా గీత గీసినట్టే.

ఈ దారిలో కనిపించే ఎండుగడ్డి గుట్టలు చూస్తూ ‘సెవెన్ ఛాన్సెస్’ తలుచుకోవచ్చు. 1925లో ఆ సినిమా ప్రివ్యూలో, గుట్ట దిగి పరుగెత్తుతున్న కీటన్ కాలు తగిలి మూడు రాళ్ళు దొర్లితే జనం నవ్వారు. అది అనుకోకుండా జరిగింది. వెంటనే వెనక్కి పోయి, చిన్నవాటి నుంచి ఎనిమిది అడుగుల వ్యాసం దాకా పదిహేను వందల బూటకపు రాళ్ళు చేయించి, ఆ ముక్క మళ్ళీ తీశాడు.

శాక్రమెంటోలో పాత ఊరి ఒడ్డున నిలబడి, నదికి ఎగువన అమెరికన్ నది కలిసే చోటు వైపు చూడండి. అవతలి ఒడ్డు, ఇప్పటి వెస్ట్ శాక్రమెంటో. 1927 వేసవిలో అక్కడ ఒక ఊరు ఊరంతా కట్టారు, కూల్చడానికే. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ కోసం. వీధి సెట్లకి అయిన ఖర్చు లక్షా ముప్పై అయిదు వేల డాలర్లు. కథలో మొదట ఉన్నది వరద. ఆ ఏడే మిసిసిపీ పొంగి నిజంగా జనం పోవడంతో వరద మీద నవ్వులాట వద్దన్నారు. తుపాను పెట్టుకున్నారు. విమాన ఇంజిన్లు బిగించిన ఆరు గాలి యంత్రాలు తెచ్చారు. బార్జి మీద 120 అడుగుల క్రేను పెట్టి, ఇళ్ళను తాళ్ళతో లేపారు.

ఆ గోడ పడ్డది ఈ ఒడ్డునే. రెండంతస్తుల ఇంటి ముందుగోడ కీటన్ మీదికి పడుతుంది. పైన అటక కిటికీ తెరిచి ఉంది, ఆ కన్నంలోంచి మనిషి దూరి నిలబడతాడు. ఇది ముందుగా గోడ కట్టి, తర్వాత మనిషిని నిలబెట్టిన పని కాదు. గోడ చట్రాన్ని నేలమీద పడుకోబెట్టి, కీటన్ నిలబడే చోటు చుట్టూ కిటికీ కట్టారు. భుజాలకి అటూ ఇటూ, తలపైన, రెండు మూడు అంగుళాల ఖాళీ. తర్వాత అడుగున బందులు వేసి, గోడని లేపి నిలబెట్టారు. గోడ పడేటప్పుడు ఆ బందు చుట్టూనే తిరగాలి, ఒక్క అంగుళం కూడా జారకూడదు. మడమలు ఎక్కడ ఉండాలో నేలలో మేకులు.

ఇక గోడ బరువు. తేలికగా కడితే ప్రమాదం తక్కువని ఎవరికైనా అనిపిస్తుంది. అది తప్పు. పక్కన గాలి యంత్రాలు తిరుగుతున్నాయి. తేలిక గోడ ఆ గాలికి మెలిక పడుతుంది, కిటికీ అనుకున్న చోట పడదు. అందుకే రెండు టన్నుల దాకా బరువుతో, వంగని విధంగా కట్టారు. ప్రాణం కాపాడేది ఆ బరువే, తేడా వస్తే ప్రాణం తీసేదీ అదే. ఒకటే టేకు. కెమెరా పిడి తిప్పుతున్నవాళ్ళు కొందరు మొహం తిప్పేసుకున్నారు. షాటులో కీటన్‌ని మాత్రం చూడండి. గోడ వచ్చేదాకా భుజం కదలదు. పడ్డాక ఒక చెయ్యి మాత్రం కాస్త లేస్తుంది.

ఇలాంటి గోడ ఆయనకి అది మొదటిసారి కాదు. 1919లో హాస్యనటుడు ఆర్బకల్‌తో చేసిన ‘బ్యాక్ స్టేజ్’లో, 1920లో ‘వన్ వీక్’లో ఇదే ఆట చిన్నగా ఉంది. ఎనిమిదేళ్ళ పాటు కొలతలు సరిచూసుకుంటూ వచ్చాడని అనుకోవాలి. ఈ చిత్రం 1928లో విడుదలై నష్టపోయింది. సొంత స్టూడియోకి ఇదే ఆఖరిది.

రాత్రి శాక్రమెంటోలోనే. దగ్గర్లో ఫోల్సమ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, ఇడ్లీ దోసెలకి లోటు లేదు. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఈ నాలుగో రోజూ, ఐదో రోజూ కలిపి వారాంతంలో సరిపోయే పని.

ఐదో రోజు, శుక్రవారం: ట్రకీ నది, టాహో సరస్సు

ఐ–80 మీద తూర్పుకి వంద మైళ్ళు, డానర్ శిఖరం 7,200 అడుగుల పైన. పొద్దున్నే ఎక్కెయ్యండి, శుక్రవారం సాయంత్రం శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా అంతా ఇటే వస్తుంది. ట్రకీ నుంచి హైవే 89 పక్కనే నది, టాహో సిటీ వైపుకి పోయేకొద్దీ దాని పక్కనే సైకిలు బాట.

1923లో ‘అవర్ హాస్పిటాలిటీ’కి ఈ నదిలో దిగాడు. ప్రవాహంలో కొట్టుకుపోతున్న మనిషిని వెనకనుంచి తీగతో పట్టి ఉంచారు. తీగ తెగింది. రాళ్ళ మధ్య నుంచి నిజంగానే కొట్టుకుపోయి, కొమ్మలు పట్టుకుని ఒడ్డు చేరేసరికి కొన్ని నిమిషాలు. కెమెరా ఆగలేదు. ఆ షాట్ సినిమాలో అలాగే ఉంచాడు. ప్రవాహపు లాగుడు కొలవకుండా తీగ మందం ఎంచుకుంటే అంతే. జలపాతం మాత్రం ఇక్కడిది కాదు, స్టూడియోలో కట్టింది. అక్కడ తాడుకి తలకిందులుగా వేలాడుతూ ఎంత నీళ్ళు మింగాడంటే, ప్రథమ చికిత్స చెయ్యాల్సి వచ్చింది. నదిలో బతికి స్టూడియోలో చికిత్స దాకా వచ్చిందన్నమాట.

వేసవిలో కూడా ఇక్కడ నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి. రబ్బరు పడవ అద్దెకి తీసుకుంటే లైఫ్ జాకెట్ తియ్యొద్దు. టాహో సిటీలో డ్యామ్ నుంచి వదిలే నీటిని బట్టి నది లోతు మారుతుంది, కరువు ఏడాదిలో పడవలు అసలు దించరు.

మధ్యాహ్నం టాహో ఒడ్డున కూర్చుని ‘ది నావిగేటర్’ నీటి అడుగు ముక్క చూడండి. 1924లో దాని కోసం మూడు చోట్ల ప్రయత్నించారు. మొదట రివర్‌సైడ్‌లో ఈత కొలను. లోతు చాలక గోడలు పెంచి నీళ్ళు నింపితే, ఆ బరువుకి కొలను అడుగు పగిలిపోయింది. తర్వాత కాటలీనా ద్వీపం. అక్కడ నీళ్ళు పాలలా మసకబారి కెమెరాకి ఏమీ కనపడలేదు. చివరికి టాహో. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కానీ గడ్డకట్టే చలి. డైవింగ్ సూట్లో అరగంట మించి ఎవరూ ఉండలేరు, నెల పట్టింది. కెమెరాలూ వాటిని నడిపేవాళ్ళూ చెక్కపెట్టెలో కూర్చుని కిందికి దిగారు. చెక్క తేలుతుంది కదా, బరువులు కట్టారు. ఇంకో చిక్కు, లోపల మనుషుల వేడి, బయట చన్నీళ్ళు, కిటికీ అద్దానికి ఆవిరి పట్టేసింది. పెట్టెలో మంచుగడ్డలు వేసుకుని, లోపలి చలిని బయటి చలికి సమానం చేస్తేనే బొమ్మ పడింది. తెర మీద ఆ సీను కొద్ది నిమిషాలే.

రాత్రి ట్రకీ.

ఆరో రోజు, శనివారం: దారి

ఇవాళ చూసేది ఏమీ లేదు, పోవడమే. హైవే 89 మీద క్విన్సీ మీదుగా మౌంట్ షాస్టా చేరి, అక్కడ ఐ–5 ఎక్కి ఒరెగాన్ లోకి. అంతా కలిపి సుమారు 450 మైళ్ళు. లాసెన్ పార్కు మధ్య నుంచి పోయే ముక్క చలికాలం మూసేస్తారు, వేసవి మొదట్లో కూడా తెరిచిందో లేదో చూసుకుని దారి ఎంచుకోండి. పెట్రోలు క్విన్సీలో నింపేసుకోండి. ఒక్కరే నడిపేట్టయితే యాష్‌లాండ్‌లో పడుకుని, పొద్దున్న మిగతా దూరం.

ఏడో రోజు, ఆదివారం: కాటేజ్ గ్రోవ్, రౌ నది

ఐ–5 మీద 174వ ఎగ్జిట్. యూజీన్‌కి ఇరవై మైళ్ళు దక్షిణంగా చిన్న ఊరు. మెయిన్ స్ట్రీట్‌లో కీటన్ గోడ బొమ్మ కనిపిస్తుంది. నది పేరు ‘రో’ అంటే ఇక్కడివాళ్ళు వెంటనే సరిదిద్దుతారు. ‘రౌ’ అనాలి, పడవ తెడ్డు కాదు, పోట్లాట అనే అర్థం.

‘ది జనరల్’ కథ అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1862లో జార్జియాలో జరిగిన నిజమైన ఇంజిన్ దొంగతనం. తీసింది మాత్రం దేశం అవతలి కొసన. కథ నడిచిన ప్రాంతంలో రైల్వే వాళ్ళు కామెడీ అనగానే వెనక్కి తగ్గారు. కలప మోసే పాత పట్టాలు, ఎక్కువ రద్దీ లేని లైను ఇక్కడ దొరికాయి. 1926 మే నెలాఖరుకి పద్దెనిమిది గూడ్సు వ్యాగన్ల సామానుతో దిగారు. ఒరెగాన్ నేషనల్ గార్డు నుంచి ఐదు వందల మందిని తెచ్చి, ఒక దిక్కుకి పోయేటప్పుడు నీలం యూనిఫాం, ఇంకో దిక్కుకి వచ్చేటప్పుడు బూడిద రంగు తొడిగారు. రెండు సైన్యాలూ వాళ్ళే. అసలు ‘జనరల్’ ఇంజిన్ చూడాలనుకుంటే జార్జియాలో కెనెసా మ్యూజియంలో ఉంది, అట్లాంటా తెలుగువాళ్ళకి దగ్గరే. సినిమాలో నడిచింది అది కాదు.

ఆ పట్టాలు ఇప్పుడు లేవు. వాటి మీద రౌ రివర్ ట్రెయిల్ అనే సైకిలు బాట వేశారు, సుమారు పదహారు మైళ్ళు. సైకిళ్ళు యూజీన్‌లో అద్దెకి తీసుకుని కారుకి కట్టుకు రండి. ఊరి నుంచి మూడు మైళ్ళ అవతల మోజ్బీ క్రీక్ దగ్గర కారు పెట్టి ఎక్కితే మంచి భాగమంతా దొరుకుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ఒక సంగతి గుర్తుంచుకోండి: డొరీనా డ్యామ్ 1949లో వచ్చింది, లైనుని పైకి జరిపారు. సరస్సు పక్కన నడిచే బాట కీటన్ రైలు నడిచిన బాట కాదు. పాత దారి ఆ నీళ్ళ కిందుంది. సరస్సు దాటాక, కల్ప్ క్రీక్ వైపుకి పోయేకొద్దీ నది మళ్ళీ పక్కకొస్తుంది. సినిమాలో కనిపించే కొండ గీతలు అక్కడ.

బాట మీద ఎక్కడైనా ఆగి రెండు షాట్లు చూడండి. ఒకటి, ఇంజిన్ చక్రాల సైడ్ రాడ్ మీద కీటన్ దిగులుగా కూర్చుంటాడు, ఇంజిన్ కదులుతుంది, రాడ్‌తోపాటు మనిషి పైకీ కిందికీ గుండ్రంగా పోతాడు. నెమ్మదిగా కదిలితే ఉయ్యాల. కానీ ఆవిరి ఇంజిన్ నిలిచిన చోటి నుంచి కదిలేటప్పుడు డ్రైవరు ఆవిరి ఒక్క పిసరు ఎక్కువ వదిలితే, చక్రాలు పట్టాల మీద పట్టు తప్పి గిర్రున తిరుగుతాయి. మన స్టేషన్లలో బొగ్గు ఇంజిన్లు చూసిన తరానికి ఆ చప్పుడు తెలుసు. ఆ ఒక్క తిరుగుడు చాలు, కూర్చున్నవాడు చక్రం కింద ఉంటాడు. ఆ షాట్‌లో ప్రాణం కీటన్ చేతిలో లేదు, ఆవిరి వదిలే రెగ్యులేటర్ పట్టుకున్న డ్రైవరు చేతిలో ఉంది.

రెండు, ఇంజిన్ ముందుండే ఇనప చట్రం, కౌక్యాచర్ మీద కూర్చుని చేతిలో ఒక స్లీపరు దుంగ. ముందు పట్టాల మీద ఇంకో దుంగ అడ్డంగా పడుంది. చేతిలోదాన్ని దాని కొస మీద విసిరితే, అది ఎగిరి పక్కకి పడుతుంది. రైలు ఆగదు. కొస మీద కాకుండా మధ్యలో కొడితే దుంగ కదలదు, ఇంజిన్ పట్టాలు తప్పుతుంది. ఒక్క దెబ్బతో రెండు దుంగలూ పోయాయి.

వంతెన పడింది కల్ప్ క్రీక్ దగ్గర, 1926 జులై 23న. ఊరికి సెలవు ప్రకటించారు. మూడు నాలుగు వేల మంది చూడటానికొచ్చారు. చెక్క వంతెన దుంగలు ముందే సగం కోసి ఉంచారు, పేలుడు మందు పెట్టారు. ఆరు కెమెరాలు. ఇంజిన్‌లో డ్రైవరు బదులు బొమ్మ. ఒకటి రెండు ట్రయల్స్ అయ్యేసరికి నాలుగు గంటలు ఆలస్యం. వంతెన మధ్యకి రాగానే దుంగలు విరిగి, ఇంజిన్ ముందుకి వంగి, ఆవిరి చిమ్ముతూ నదిలో పడింది. బొమ్మని మనిషనుకుని జనంలో కేకలు. ఒక్క షాట్‌కి నలభై రెండు వేల డాలర్లు, మూకీల్లో అంత ఖరీదైన షాట్ ఇంకోటి లేదంటారు. రెండో టేకు అనే మాటే లేదు. ఆ వెంటనే తెర మీదికొచ్చే శత్రు సేనాని మొహం చూడండి. ఆ నటుడికి మిగిలిన పని కేవలం చూస్తూ నిలబడటమే.

అదే వేసవిలో కట్టెల ఇంజిన్ నిప్పురవ్వలు అడవికి అంటుకున్నాయి. సైనికుల వేషంలో ఉన్నవాళ్ళు యూనిఫాం కోట్లు విప్పి మంటల్ని కొట్టారు. పొగ కమ్మేసి షూటింగ్ ఆగింది, వాన పడ్డాక మళ్ళీ మొదలైంది. సినిమా ఖర్చుకి వసూళ్ళు రాలేదు, విమర్శకులు కూడా పెదవి విరిచారు. అమెరికా జాతీయ చిత్రాల జాబితా 1989లో మొదలైనప్పుడు తొలి జట్టులోనే దీన్ని చేర్చారు.

కూలిన ఇంజిన్‌ని నదిలోంచి తియ్యలేదు. ఏళ్ళ తరబడి అక్కడే తుప్పు పడుతూ, వచ్చేపోయేవాళ్ళకి వింతగా ఉండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము కరువై, ముక్కలు చేసి తుక్కుకి ఎత్తుకుపోయారు. ఒడ్డు చుట్టూ ఉన్నది ప్రైవేటు భూమి, కంచె దాటి దిగొద్దు. బాట మీంచి నీళ్ళు, రాళ్ళు కనిపిస్తాయి, అంతే. కల్ప్ క్రీక్ దగ్గర సైకిళ్ళు వెనక్కి తిప్పండి. రైలు లైను కాబట్టి వాలు సన్నగా ఉంటుంది, కారు పెట్టిన చోటు దాకా తొక్కడం తేలిక. యూజీన్‌లో కారు అప్పగించే టైము ఒకటే చూసుకోవాలి.